టైడా దాటాక డాడ్జి ఆగింది

ఆగిపోయే ముందు మా పాత డాడ్జి కారు రెండుసార్లు గుటకలు మింగింది. ఆ తరవాత యాక్సిలరేటరు ఎంత తొక్కినా కాలి కింద ఏమీ లేదు, ఖాళీ గోనెసంచి మీద అడుగేసినట్టుంది. మలుపు దాటగానే రోడ్డు పక్కన కాస్త వెడల్పు జాగా కనిపిస్తే, ఉన్న ఊపుతోనే అక్కడికి చేర్చి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాల కింద రాళ్లు పెట్టి, బోనెట్ ఎత్తాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మిరపకాయల గోదాము తలుపు తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. టైడా కింద ఉండిపోయింది, అరకు ఇంకా చాలా పైన ఉంది, పాత కార్ల క్లబ్బు బళ్లన్నీ హారన్లు కొట్టుకుంటూ ముందుకు పోయాయి, వెనకాల రావాల్సింది ఒక్కటే, దారిలో ఆగిన బండిని ఎక్కించుకుపోయే లారీ. గంటలో ఇక్కడికి వస్తుంది. వచ్చేలోపు డాడ్జి తనంతట తాను కదలాలి. ఈ సాయంత్రం అరకులో దీన్ని దేవీప్రసాద్‌కి అప్పగించేస్తున్నాను. ఆయన క్లబ్బు ప్రెసిడెంటు, విశాఖపట్నంలో కల్యాణ మండపాలున్న మనిషి. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, నేనూ బావా బస్సులో మా ఊరు సాలూరు వెళ్లిపోతాం. బావకి ఈ బండిలో ఇదే ఆఖరి ప్రయాణం. అది చచ్చిన గేదెను తీసుకెళ్లినట్టు లారీ మీద సాగకూడదు, సీట్లో కూర్చుని సాగాలి. నేను వేసుకున్న లెక్కంతా అదే.

బావ ముందు సీట్లోనే కూర్చుని ఉన్నాడు, అద్దంలోంచి ఎత్తిన బోనెట్ వైపు చూస్తూ. వరహాలరావు అని పేరు, నాకు మేనబావ, మా పెళ్లయ్యాక కూడా బావే. కిందటి ఏడాది చింతపండు సీజనులో కాటా దగ్గర నుంచున్నవాడు నుంచున్నట్టే ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట రాలేదు. మాటలన్నీ పోయి ఒక్క ఊ మిగిలింది. ఆయనకి అన్నీ అర్థమవుతాయి, బయటికి రావడమే కష్టం అని డాక్టరు చెప్పాడు. తల ఊపడం కూడా నమ్మడానికి లేదమ్మా, అడ్డంగా ఊపుదామనుకుంటే నిలువుగా ఊగొచ్చు అని కూడా చెప్పాడు. విన్నాను, విని పక్కన పెట్టేశాను, లారీలు దిగుతున్న రోజుల్లో ఎవరికి తీరిక. అన్నం పెట్టనా, ఊ. పడుకుంటావా, ఊ. ఈ ఏడు పిప్పళ్లు కొందామా, ఊ. ముప్పై ఏళ్లు ప్రతి దానికీ అడ్డం పడ్డ మనిషి, ధర ఎక్కువంటే తక్కువంటాడు, ఆగమంటే అమ్మేస్తానంటాడు, అలాంటివాడు ఊ అంటుంటే మొదట ఏడుపొచ్చింది, తరవాత అలవాటైంది, ఆ తరవాత, నిజం చెప్పాలంటే, పని బేగి తెమిలింది.

వేడి తగ్గాలంటే నీళ్లు కావాలి. తెచ్చిన డబ్బా సగం రేడియేటరు తాగేసింది. మలుపు అవతల బండరాయి మీద ఒకామె సీతాఫలాలు రాశులు పోసుకుని కూర్చుంది, నన్ను మొదట్నించీ చూస్తూనే ఉంది, నేను చూసేదాకా ఆగి అప్పుడు లేచొచ్చింది. పేరు కనకట. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందున్న నికెలు కమ్మీలో తన ముఖం చూసుకుని, కొప్పు సర్దుకుంది.

‘‘ఏటమ్మా, ఆగిపోనాదా? ఇందాకట్నించి ఇలాటివే ఎల్తన్నాయి. సినిమా తీత్తన్నారా?’’

‘‘సినిమా కాదు, సరదా.’’

‘‘సరదాకి కొండెక్కుతారా, ఇంత బరువేసుకుని!’’ అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. ‘‘మా ఊర్లో పెల్లికి ఇస్తావేటి? ముందు సీట్లో పెల్లికొడుకు, ఎనక సీట్లో ఊరూ.’’

‘‘ముందు ఇది కదలనీ.’’

‘‘గెడ్డలో నీలుంటాయి, తెత్తాను. ఊరికే కాదు, పల్లు కొనాల.’’

కొంటానన్నాను. బేరం నచ్చింది నాకు, ఏది దేనికో తేల్చి చెప్పింది. డబ్బా తీసుకుని రోడ్డు పక్కన పొదల్లోంచి వాగులోకి దిగిపోయింది. కింద లోయలో ఎక్కడో ఇనపరాయి గూడ్సు సొరంగంలోకి దూరుతున్న మోత, పెట్టె వెనక పెట్టె, అది ఎంతకీ తెగదు. బావ ఆ మోత విని తల తిప్పాడు. ఇంజను ఏదైనా సరే, ఆ చెవి అటు తిరగాల్సిందే.

ఆ చెవే ఈ బండిని కొనిపించింది. ఒరిస్సా జైపూరు అవతల ఒక కాంట్రాక్టరు షెడ్డులో మొదటిసారి చూశాం. అప్పటికి అది కారు కాదు, ఘాట్ రోడ్డులో టాక్సీగా తిరిగి తిరిగి మిగిలిన రేకు. అసలు ఇంజను ఎప్పుడో పీకేసి డీజిలుది పెట్టారు, అది పట్టడానికి లోపల ఇనుము ఎడాపెడా కోసేశారు. నేను పాత ఇనుము లెక్కన తూకం కట్టాను మనసులో. బావ తలుపు తీసి వేశాడు, మళ్లీ తీసి వేశాడు. ‘‘ఇన్నావా’’ అన్నాడు. బియ్యం బస్తా దించినట్టు బరువుగా, మెత్తగా ఒక చప్పుడు. ‘‘అమెరికావోడు తలుపు సేసినాడంటే సూడు, డెబ్బై ఏల్లయినా తలుపులాగే పడతాది.’’ తలుపు చప్పుడు విని కారు కొనే మనిషిని ఏమనాలి? కొనమన్నాను నేను. మాది కొండ సరుకు, చింతపండు, పసుపు, పిప్పళ్లు, కరక్కాయలు, పొద్దుట్నించి రాత్రిదాకా దుమ్ము, ఆ మనిషికి ఒక సరదా ఉంటే ఇల్లు నిలుస్తుందని లెక్కేశాను. అసలు ఇంజను కోసం రెండేళ్లు తిరిగాడు. చివరికి బొబ్బిలి పక్కన ఒక చెరుకు తోటలో దొరికింది, రైతు దాంతో నీళ్లు తోడుతున్నాడు. ఆరు సిలిండర్లూ బాగానే ఉన్నాయి. దానికి బదులు కొత్త మోటారు పెట్టించి, పైపులు వేయించి, ఆ ఇంజనుని ఎడ్లబండి మీద మెయిన్ రోడ్డుకి తెచ్చుకున్నాడు. బండి పక్కన నడిచొచ్చాడట, పెళ్లికూతురి పల్లకి పక్కన నడిచినట్టు.

ఆదివారం వస్తే దాని కిందే. కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి, ఆ కాళ్లతో మాట్లాడేదాన్ని. కాఫీ ఇవ్వనా అంటే ఒక బొటనవేలు ఎగిరేది. ఆ క్లబ్బు వాళ్ల లెక్క నాకెప్పటికీ అర్థం కాలేదు. వాళ్లు ఒకళ్లకొకళ్లు సామాను అమ్ముకోరు. ఒకడికి హెడ్‌లైటు చుట్టూ వేసే రింగు కావాలంటే ఇంకొకడు ఇంట్లో దాచుకున్నది తెచ్చిచ్చేస్తాడు, ఆర్నెల్ల తరవాత ఇంకెవడో వీడికి కార్బ్యురేటరు ఇస్తాడు. ఎవడు ఎవడికి బాకీయో ఎవడికీ తెలియదు. దీనివల్ల లాభం ఏటి బావా అంటే, ‘‘బల్లు తిరుగుతాయి కదే’’ అనేవాడు. సాయంత్రం ఒళ్లు తోముకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆ పొడుగాటి ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని మక్కువ ఊరెళ్లే రోడ్డులో తిప్పేవాడు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, మోచెయ్యి కిటికీ మీద పెట్టి. ఎదురొచ్చిన సాలూరు లారీలు హారను కొట్టి పలకరించేవి. కింద ఇంజను మెత్తగా రొదపెడుతుంటే నాకు నిద్రొచ్చేది. సీజను మధ్యలో నాకు హాయిగా నిద్రపట్టిన చోటు అదొక్కటే. ఇది మాత్రం ఏ లెక్కలోనూ రాసుకోలేదు నేను. నాకు డ్రైవింగు నేర్పిందీ ఇందులోనే, స్టీరింగు పక్కన కర్రలా ఉండే గేరు పట్టుకుని, అది కోపంగా లాగితే రాదనీ, బతిమాలితే వస్తుందనీ.

మరి ఎందుకు అమ్ముతున్నాను? కదలని సరుకుని కొట్టులో ఉంచను, అది నా పద్ధతి. ఏడాదిగా షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. టైర్లు అణిగిపోతున్నాయి, ఎలుకలు సీటు కొరుకుతున్నాయి, బావ నడపలేడు, చూసి బాధపడుతుంటాడు. అలా అనుకున్నాను. దేవీప్రసాద్ ఇంటికొచ్చి కాఫీ తాగి, చేతులు కట్టుకుని అడిగాడు, నాకివ్వండక్కా, కొడుకులా చూసుకుంటాను అని. బావ పక్కనే ఉన్నాడు. ‘‘ఇచ్చేద్దామా బావా?’’ అన్నాను. ఊ అన్నాడు. రెండోసారి అడిగాను, గట్టిగా ఊ అన్నాడు. మాట ఇచ్చేశాను. బయానా కూడా తీసుకోలేదు, సాలూరు బజారులో నా మాటకి బయానా ఎవరూ అడగరు. ఒక్క షరతు పెట్టాను, అరకు దాకా మా ఆయన్ని కూర్చోబెట్టి నేనే నడుపుకొస్తాను అని. మంచి షరతే కదా. ఆ రోజంతా నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

కనక నీళ్లు తెచ్చింది. గోనెగుడ్డ చింపి తడిపి ఇంజను ఎడమ పక్కన కింద వేలాడే పెట్రోలు పంపుకి చుట్టాను, పైపుకి చుట్టాను. బుస్సుమని ఆవిరి లేచింది. అది తెలుసు నాకు, ఇప్పటి పెట్రోలు ఆ వేడికి పైపులోనే ఆవిరైపోతుంది, ఆవిరిని పంపు తోడలేదు, కార్బ్యురేటరుకి చుక్క అందదు. తడిగుడ్డ వేసి ఆగాలి. ఆగడమే పని. వచ్చి నా సీట్లో కూర్చున్నాను, తలుపు వేశాను, ఆ చప్పుడు.

బావ ఎడమ చెయ్యి ఎత్తి వెనక్కి చూపించాడు, భుజం మీదుగా.

‘‘ఏటి బావా? మంచినీల్లా?’’

‘‘ఊ.’’

ఇస్తే తాగలేదు. మళ్లీ వెనక్కి చూపించాడు.

‘‘మాత్రలా? సంచి ఎనక సీట్లో ఉంది. మాత్రలేనా?’’

‘‘ఊ.’’

మాత్రలూ కాదు. దిగి వెళ్లి డిక్కీ తీశాను. జాకీ ఉంది, స్టెప్నీ ఉంది, మా బట్టల సంచి ఉంది, తాడు ఉంది. ఒక్కొక్కటే ఎత్తి చూపించాను, బజారులో నమూనాలు చూపించినట్టు. కిటికీలోంచి వెనక్కి చూసి ప్రతి దానికీ తల నిలువుగా ఊపాడు, ఊపి, ఊపినందుకు తనే విసుక్కుని, అరచేత్తో సీటు మీద కొట్టాడు. ఆయనకి కోపం రావడం ఏడాదిలో అదే మొదలు. కాదు, మొదలు కాదేమో. నేను చూడటం మొదలు.

కనక తన లెక్క తేల్చుకోవడానికి పళ్లు పట్టుకొచ్చింది. కిటికీలోంచి బావని పలకరించింది. ‘‘బాబూ, సీతాపలం తింటావా? కల్లు విచ్చి ఉన్నాది, సక్కెరే.’’

‘‘ఊ’’ అన్నాడు బావ.

పండు విప్పి సగం చేతిలో పెట్టింది. బావ దాన్ని చూశాడు, ఎడమ చేత్తో ఆమె చేతిలోకే తోసేశాడు. మళ్లీ పెట్టబోయింది. ఈసారి ఆమె మణికట్టు పట్టి పైకి తోసేశాడు. పండు రోడ్డు మీద పడింది.

‘‘అదేటి బాబూ!’’ అంది కనక, నిజంగానే చిన్నబుచ్చుకుని. ‘‘వద్దంటే వద్దనాల గానీ, నోటితో ఊ అని సేత్తో తోత్తావేటి? నేను ఏది నమ్మాల?’’

‘‘ఆయనకి మాట రాదమ్మా, ఏమనుకోకు’’ అన్నాను. ఆమె నాలిక కరుచుకుని, కింద పడ్డ సగం తీసి కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను మాత్రం ఆమె మాట దగ్గరే ఆగిపోయాను. ఏది నమ్మాల. మణికట్టు దగ్గర అలా పైకి తోయడం, అది నాకు తెలిసిన తోపు. ఎక్కడ చూశాను, ఎక్కడ, సంతలో, తువ్వాలు కింద.

మా పెళ్లయిన కొత్తలో సంతలో చింతపండు బేరం నోటితో చెప్పేవాళ్లు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుకుని, వేళ్లు పట్టి ధర చెప్పుకునేవాళ్లు, పక్కవాడికి తెలియకుండా. అరచేతి మీద అరచెయ్యి రాస్తే ఖాయం. మణికట్టు పట్టి పైకి తోస్తే కుదరదు. సరుకు చూడటం నాకొచ్చు, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, గింజ ఎంత, పీచు ఎంత, తడి ఎంత అని ముక్కు దగ్గర పెట్టుకుంటే చెప్పేస్తాను. కానీ ఆడదాని చేతిలో చెయ్యి పెట్టడానికి వర్తకులు ఒప్పుకోలేదు. అప్పుడు బావ ఒక ఉపాయం చేశాడు. కుడి చెయ్యి తువ్వాలు కింద వాళ్లకిచ్చేవాడు, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని నాకిచ్చేవాడు. నేను వెనక నుంచుని ఆ వేళ్లు పట్టి ధర చెప్తే, తను అదే ధర ముందు చేత్తో అటు చెప్పేవాడు. నేను తోస్తే తోసేవాడు. నేను రాస్తే రాసేవాడు. బయటికి బేరమంతా వరహాలరావుది, లోపల ఈ రత్నాలుది, నాది. అలా చేస్తే నవ్వుతారని గానీ, తన పరువని గానీ ఒక్కసారి అనలేదు. ఆ పోయిన కుడి చెయ్యి వర్తకులది. మిగిలింది ఎడమది, నాతో మాట్లాడేది. ఏడాదిగా పక్కనే ఉంది, దానికి అన్నం పెట్టాను, నూనె రాశాను, గోళ్లు తీశాను, అడగాల్సినది దాన్ని అడగలేదు.

నా మెడ మీది తువ్వాలు తీశాను. చెమటతో తడిసి ఉంది. సీటు మీద ఒంగి, బావ ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకుని, మీద తువ్వాలు కప్పాను. బావ నా ముఖం వైపు చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. తువ్వాలు కప్పకపోతే ఏం, చూసేవాళ్లెవరున్నారు, కానీ కప్పాను, అలవాటు చేతికి తెలుస్తుందని.

‘‘నీ పేరు సోమన్న’’ అన్నాను, పరీక్షకి. బావ నోటితో ఊ అన్నాడు. తువ్వాలు కింద నా మణికట్టు పైకి తోశాడు. ‘‘వరహాలరావు.’’ అరచెయ్యి మీద అరచెయ్యి రాశాడు. ఇంకాస్త దగ్గరికి జరిగాను. మళ్లీ అడిగాను. ‘‘ఎనక సూపిస్తన్నావు, డిక్కీలో వస్తువా?’’ తోశాడు. ‘‘డిక్కీ కిందా?’’ రాశాడు. డిక్కీ కింద ఏముంటుంది, పెట్రోలు టాంకు, టాంకు పక్కన, అయ్యో.

కరెంటు పంపు. ఒకసారి పొట్టంగి ఘాట్‌లో ఇలాగే ఆగిపోతే, ఆ తరవాత బావ టాంకు దగ్గర చిన్న కరెంటు పంపు బిగించుకున్నాడు, వేడికి దూరంగా, వెనక నుంచి పెట్రోలు తోసేది. తాళం తిప్పగానే టిక్కు టిక్కుమనేది. అరకులో పాత కార్ల పోటీకి జడ్జీలు వస్తారట, పుట్టినప్పుడు బండిలో లేనిది ఏది ఉన్నా మార్కులు కోస్తారట, తీయించేస్తే పూర్తి ఒరిజినల్ అక్కా అన్నాడు దేవీప్రసాద్. మా మెకానిక్ మంగరాజుని పిలిచి తీయించేశాను. కారుకి మార్కులొస్తే బావ పేరు మైకులో చదువుతారని నా ఆశ. కదలని సరుకు అమ్మేస్తానని, కదిలించేదాన్ని తీసి పెట్టెలో పెట్టించాను. ఆ రోజు బావ షెడ్డులో కుర్చీలో కూర్చుని, మంగరాజు చొక్కా పట్టుకుని ఊ ఊ ఊ అని లాగాడు. ‘‘సూడు మంగరాజూ, మీ బాబుగారికి ఎంత సంబరమో’’ అన్నాను. మంగరాజు కూడా నవ్వాడు. ఇద్దరం నవ్వాం. బావ చొక్కా వదిలేసి గోడవైపు తిరిగాడు, నిద్రొచ్చిందనుకున్నాను.

ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉంటే నా మాట నాకు మిగులుతుంది. అది కూడా లెక్కేశాను, అబద్ధమెందుకు, ఆ కాసేపట్లో లాభం, నష్టం రెండూ కూడి చూశాను. ముప్పై ఏళ్లలో ఇచ్చిన మాట ఒక్కటి వెనక్కి తీసుకోలేదు నేను. ధర పడిపోయినా తీసుకున్నాను, పెరిగినా ఇచ్చేశాను. అందుకే కొండ మీది రైతులు ఇంకో కొట్టు దాటుకుని నా కొట్టుకొస్తారు. ఆడమనిషి మాట గట్టిది అని అనిపించుకోవడానికి ఎంత పట్టిందో నాకే తెలుసు. కింద మలుపుల్లో ఒక లారీ గేరు మార్చిన చప్పుడు వినిపించింది.

‘‘బావా’’ అన్నాను. ‘‘బండి దేవీప్రసాద్‌కి ఇచ్చేద్దామా?’’

బావ ఊ అనలేదు ఈసారి. నోరు మూసుకుని, తువ్వాలు కింద నా మణికట్టు పట్టి తోశాడు. ఎంత గట్టిగా తోశాడంటే తువ్వాలు జారి కింద పడింది.

ఏడాదిలో ఇంకెన్ని ఊ లు. పిప్పళ్లు కొన్నదానికి, పెరట్లో జామచెట్టు కొట్టించినదానికి, రోజూ పొద్దున్న రాగిజావ తాగించినదానికి. అన్నీ తిరిగి అడగాలి. ఎంత పని పెట్టాడు ఈ మనిషి. నవ్వొచ్చింది, నవ్వుతుంటే ముక్కు కారింది, అదే తువ్వాలుతో తుడుచుకున్నాను.

లారీ కింద నుంచీ, దేవీప్రసాద్ జీపు పైనుంచీ ఒకేసారి వచ్చాయి. బళ్లు లెక్క చూసుకుంటే ఒకటి తగ్గిందట, వెనక్కొచ్చాడు. మంచి మనిషి, అందులో అనుమానం లేదు. తెల్లచొక్కాతోనే రోడ్డు మీద వంగి ఇంజనులోకి చూశాడు.

‘‘వేపర్ లాకేనక్కా. వర్రీ అవకండి, ఎక్కించేద్దాం. పైన జడ్జీలు వెయిటింగు. గీత పడకుండా నేనే దగ్గరుండి కట్టిస్తాను.’’

‘‘ఎక్కించొద్దు’’ అన్నాను. ‘‘సల్లారితే అదే ఎల్తాది. పోటీలోంచి మా బండి తీసెయ్యి తమ్ముడూ.’’

‘‘అదేంటక్కా, మీ డాడ్జికే ఫస్టు వస్తుంది.’’

‘‘ఇంకో మాట. బండి ఇవ్వడం లేదు నీకు.’’

ఆయన నవ్వబోయి ఆగాడు. లారీ డ్రైవరు బీడీ ముట్టించబోతున్నవాడు అగ్గిపుల్ల అలాగే పట్టుకున్నాడు. దూరంగా బండరాయి మీద కనక కూడా పళ్లు సర్దడం మానేసింది.

‘‘మాటిచ్చారు కదక్కా’’ అన్నాడు మెల్లగా. ‘‘మీ మాట మీద ఇంటి పక్కన షెడ్డు కూడా కట్టించాను. ఎవరైనా ఎక్కువ ఇస్తామన్నారా?’’

‘‘ఎవులూ ఏటీ అన్లేదు. మాటిచ్చింది నేను. బండి ఆయనది. ఆయన ఇవ్వలేదు.’’

‘‘నా ముందే ఊ అన్నారు!’’

‘‘అన్నాడు. ఆ ఊ నేను తప్పు కొన్నాను. తప్పు సరుకు కొన్నది నేనైతే నష్టం నాదే, నీది కాదు. రత్నాలు మాట తప్పిందని సాలూరు బజారులో నుంచుని సెప్పు, నేను కాదనను. నీ షెడ్డుకి తగ్గ బండి ఒరిస్సా అంతా ఎతికయినా నేనే సూపిస్తాను. ఈ బండి అడక్కు.’’

దేవీప్రసాద్ నా వైపు కాదు, బావ వైపు చూశాడు. ఎవరూ ఈ ఏడాది చూడనట్టు, ఒక క్లబ్బు మనిషి ఇంకో క్లబ్బు మనిషిని చూసినట్టు. కిటికీ దగ్గరికెళ్లి ఒంగి, ‘‘సారీ అన్నా, మిమ్మల్ని అడగాల్సింది’’ అన్నాడు. బావ ఎడమ చెయ్యి కిటికీలోంచి బయట పెట్టాడు. దేవీప్రసాద్ అది రెండు చేతులతో పట్టుకున్నాడు. తరవాత జీపు ఎక్కుతూ, నాతో మాట్లాడకుండానే, లారీ వాడికి చెప్పాడు, వీళ్ల వెనకాల ఖాళీగా రా, తొందరపెట్టకు అని. ఆ మాట్లాడకపోవడం నేను మోయాల్సిందే. చాలా రోజులు మోయాలి.

గోనెగుడ్డ ఇంకోసారి తడిపాను. కనక ఇంకో డబ్బా తెచ్చింది, ఈసారి పళ్లు కొనమనలేదు, ‘‘పెల్లికి అడిగేను, మర్సిపోకు’’ అంది. సీట్లో కూర్చుని బావ చేతిలో చెయ్యి పెట్టి ఇప్పుడా అని అడిగాను. తోశాడు. తల పక్కకు వంచి వింటున్నాడు, ఇంజనులో ఎక్కడో సన్నగా కుతకుతమంటున్నది ఆగేదాకా. నాకు వినిపించలేదు. నీడ రోడ్డు దాటి లోయలోకి పోయింది. మళ్లీ అడిగాను, మళ్లీ తోశాడు. ఇంకోసారి అడగబోతుంటే, అడక్కుండానే అరచెయ్యి మీద అరచెయ్యి రాశాడు. స్టార్టరు నొక్కాను. పాతకాలపు బ్యాటరీ, నిద్రలేవడానికి బద్ధకించే మనిషిలా ఒకసారి, ఇంకోసారి, మూడోసారి మూలిగింది, ఆ తరవాత ఆరు సిలిండర్లూ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి.

రెండో గేరులో ఎక్కుతున్నాం. వెనకాల లారీ ఖాళీగా వస్తోంది. చెట్ల మధ్య ఎండ వస్తూ పోతూ ఉంది, కాఫీ తోటల మీద మిరియాల తీగల వాసన, డాముకు వ్యూపాయింటు దగ్గరికొచ్చేసరికి గాలి చల్లబడింది. బావ కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని ఉన్నాడు, చొక్కా కాలరు ఎగురుతోంది.

‘‘గాలి ఎక్కువైనాదా బావా? అద్దం ఎత్తీనా?’’

‘‘ఊ’’ అన్నాడు.

కుడి చేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమ చెయ్యి బావ ముందుకు చాపాను. ఎదురుగా పెద్ద మలుపు వస్తోంది, అవతల నుంచి బస్సు హారను. బావ నా చెయ్యి చూశాడు, మలుపు చూశాడు, తన చెయ్యి ఒళ్లంతా తిప్పి అడ్డంగా సాచి, నా మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి స్టీరింగు మీద పడేశాడు.